నాటేవాళ్లతో వెళ్లాలా, నీళ్లు పోసేవాళ్లతో ఉండాలా: బరంపురం వీధిచెట్లకు ఓ చెయ్యి వేయాలనుకునేవారికి

జూన్ వచ్చిందంటే ఒడిశాలోని మన బరంపురంలో ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ మొక్కల పిలుపులు మొదలవుతాయి. జూన్ 5న పర్యావరణ దినోత్సవం, జూలై మొదటి వారంలో వనమహోత్సవం, 2024 నుంచి 'అమ్మ పేరిట ఒక చెట్టు' ప్రచారం, వీటి మధ్యలో కాలేజీల ఎన్.ఎస్.ఎస్. పిల్లల కార్యక్రమాలు, క్లబ్బుల హడావుడి. వెళ్దామని మనసులో ఉన్నా ఎవరితో వెళ్లాలో చాలామందికి తేలదు. కొందరు ఎక్కడికీ వెళ్లకుండా తమ గుమ్మం ముందే నాటుకుందామనుకుంటారు. ఇంకొందరు ఎవరైనా అడిగితే డబ్బిచ్చి పంపేస్తారు. ఎవరికి తోచింది వాళ్లు చేస్తే మంచిదే అని చెప్పి తప్పుకోవచ్చు గానీ, నా దృష్టిలో ఈ దారులన్నీ సమానం కావు.

వాటిని తూచడానికి నాకు ఒక్క ప్రశ్న చాలు. వచ్చే ఏప్రిల్‌లో ఈ మొక్కకి నీళ్లెవరు పోస్తారు?

మన గంజాం జిల్లాలో వానలో ఎక్కువ భాగం జూన్, అక్టోబరు నెలల మధ్యే పడిపోతుంది. జూలైలో గుంతలో పెట్టిన మొక్క దసరా దాకా ఎవరూ పలకరించకపోయినా పచ్చగానే ఉంటుంది. ఫొటోలూ బాగానే వస్తాయి. కార్తీకం దాటాక నేల బిగుస్తుంది. సిమెంటు రోడ్డుకీ మురుగుకాలువ గోడకీ మధ్య ఇరుక్కున్న అడుగున్నర మట్టిలో ఆ వేరు మళ్లీ వానలు పడేదాకా నెగ్గుకు రావాలి. లోతుకు దిగి సొంతంగా బతకడానికి దానికి రెండు మూడు వేసవులు పడుతుంది. గునపం పట్టడానికి జూలైలో పదిమంది వస్తారు. మే నెలలో బకెట్ పట్టుకుని వచ్చేవాళ్లే దొరకరు.

ఒక్కరోజు కార్యక్రమాలు

పిల్లల్ని తీసుకెళ్లాలనుకునేవాళ్లకీ, ఇప్పటిదాకా మట్టి ముట్టనివాళ్లకీ ఇవి బాగుంటాయి. మొక్కలు అటవీశాఖ నర్సరీ నుంచో కార్పొరేషన్ నుంచో వస్తాయి, గుంతలు ముందే తవ్వి ఉంటాయి. మీరు చేయాల్సిందల్లా సంచి కోసి, మొక్కని నిలబెట్టి, మట్టి కప్పడమే. పూట గడిచేసరికి పని తెలిసొస్తుంది, నలుగురు పరిచయమవుతారు.

చేరేముందు నిర్వాహకుల్ని ఒకమాట అడగండి: పోయినేడు నాటింది ఎక్కడ, వెళ్లి చూడొచ్చా? ఫలానా రోడ్డు అని చెప్తే సైకిలో స్కూటరో వేసుకుని ఒకసారి వెళ్లి రండి. సగానికి పైగా మొక్కలు నిలబడి కనిపిస్తే కళ్లు మూసుకుని వాళ్లతో చేరిపోవచ్చు. చోటు చెప్పకుండా 'ఇన్ని వేలు నాటాం' అని అంకె చెప్తే మాత్రం, మీరు అడిగింది అది కాదు కదా. ట్యాంకరు ఎవరిది, ఏయే నెలల్లో తిరుగుతుంది, కంచె వేస్తున్నారా అన్నది కూడా అప్పుడే కనుక్కోండి. అడిగినందుకు మంచి నిర్వాహకులెవరూ నొచ్చుకోరు.

ఈ దారిలో ఇంకో లోటుంది. పెద్ద కార్యక్రమాలు చోటున్న వైపే వెళ్తాయి: హైవే పక్క, యూనివర్సిటీ ఉన్న భంజబిహార్ లాంటి క్యాంపస్‌లు, కొత్త కాలనీల అంచులు. జనం కాలినడకన తిరిగే గిరి మార్కెట్ చుట్టుపక్కలకి, పాతబస్తీ సందులకి రావు. నీడ లేనిదేమో అక్కడ. మీ వీధికి చెట్టు కావాలనుకుంటే ఇంకో దారి చూసుకోవాల్సిందే.

మన వీధిలో మనమే

ఇది అన్నిటికంటే కష్టం, కుదిరితే అన్నిటికంటే నిలిచేది కూడా. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి తమ గుమ్మాల ముందు నాలుగైదు చెట్లు పెంచుకోవడం. ఐదంటే ఐదే. వీధి పొడుగునా యాభై నాటేద్దామన్న ఉత్సాహం మొదటి వానకి వస్తుంది, మాఘమాసానికి పోతుంది.

చెట్టు ఎవరి గుమ్మం ముందు వస్తుందో ఆ ఇంటివాళ్లు ఒప్పుకోకుండా గుంత తవ్వకండి. ఒప్పుకోనివాళ్ల కారణాలు కొట్టిపారేసేవి కావు. దుకాణం బోర్డు కనపడదంటాడు ఒకాయన. కారు పెట్టుకునే చోటంటాడు ఇంకొకాయన. ఆకులు ఎవరు ఊడుస్తారంటుంది ఆ పక్కింటావిడ. ఇళ్లమధ్య హద్దుగోడ ఎదురుగా గుంత పెడితే బోర్డు గొడవ, గేటు గొడవ చాలావరకు తీరిపోతాయి. ఆకులకి జవాబు చెట్టు ఎంపికలో ఉంది, ఆ సంగతి కింద చెప్తాను. ఒకరిద్దరు ససేమిరా అంటే వాళ్లని వదిలేసి ముందుకెళ్లండి. పక్కింటి ముందు నీడ పడ్డాక మనసులు మారడం కొత్తేమీ కాదు.

వీధిలో నీళ్లు పోయడానికి మనిషిని వెతుకుతున్నప్పుడు కుర్రాళ్ల వైపు చూస్తాం. తెల్లవారకముందే లేచి వాకిలి కడిగి ముగ్గేసే అత్తలూ పిన్నులూ ఉన్నారే, వాళ్లని అడగండి. ఆ చెంబు ఎలాగూ వాకిట్లోకి వస్తుంది. మన వీధుల్లో తెలుగిల్లు పక్కనే ఒడియా ఇల్లు ఉంటుంది. వారంలో రెండ్రోజులు మీవి, రెండ్రోజులు మావి అని పంచుకోవడానికి భాష అడ్డు రాదు.

నీళ్ల లెక్క ఇలా ఉంటుంది. చలికాలంలో వారానికి రెండుసార్లు, ఏప్రిల్, మే నెలల్లో రోజు విడిచి రోజు, మొక్కకి 15 లీటర్లు. ఐదు మొక్కలకి పూటకి 75 లీటర్లు, అంటే నాలుగైదు బకెట్లు. వేసవిలో కుళాయి ఎప్పుడొస్తుందా అని కాచుక్కూర్చునే వీధిలో ఇది చిన్న సంగతేమీ కాదు. అందుకని వాడిపారేసే నీటి మీద ఆధారపడటం మేలు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు నిక్షేపంగా పోయవచ్చు. ఆర్.ఓ. యంత్రం వదిలేసే నీటిలో ఉప్పులు ఎక్కువ, దాన్ని మామూలు నీటితో కలిపి అప్పుడప్పుడే వాడాలి. బట్టలు, గిన్నెలు తోమిన సబ్బునీళ్లు వద్దు. 20 లీటర్ల పాత వాటర్ క్యాను అడుగున సన్న చిల్లు పెట్టి మొక్క మొదట్లో ఉంచితే నీళ్లు రోడ్డు మీదకి పారిపోకుండా రాత్రంతా బొట్లుబొట్లుగా దిగుతాయి. ఊరు వెళ్లేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

అనుమతి విషయం. కార్పొరేషన్ వీధి అయితే మీ వార్డు కార్పొరేటర్ ద్వారా కార్పొరేషన్‌కి ఒక కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. రేపు కాలువ పనికని తవ్వడానికి వచ్చిన కాంట్రాక్టరుకి చూపించడానికైనా ఆ కాగితం అక్కరకొస్తుంది. పెద్దరోడ్లు రాష్ట్ర వర్క్స్ శాఖవో, జాతీయ రహదారుల వాళ్లవో అయ్యుంటాయి. అక్కడ సొంతంగా తవ్వకండి. గుంత వేసే చోట నీటి పైపులు, కేబుళ్లు ఉన్నాయేమో వీధిలో పాతకాపుల్ని అడగండి, వాళ్లకి తెలిసినంత మ్యాపులకి కూడా తెలియదు.

పాత బరంపురంలో ఉండేవాళ్లకి ఒక అదనపు జాగ్రత్త. బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర రెండేళ్లకోసారి చైత్రం చుట్టూ వస్తుంది, నెల్లాళ్లపాటు సందులన్నీ పందిళ్లతో, ఊరేగింపులతో కిక్కిరిసిపోతాయి. ఊరేగింపు దారిలోకి పొడుచుకొచ్చిన కంచె ఆ జనంలో నిలవదు, అది జనం తప్పూ కాదు. ఆ దారి ఏదో చూసుకుని, గుంతని ఇంటి అరుగు వైపుకి జరుపుకోవాలి.

కనీసం మూడేళ్లు అదే ఇంట్లో ఉంటామన్న నమ్మకం ఉన్నవాళ్లకే ఈ దారి. అద్దెకున్నవాళ్లు మొదలుపెట్టి, మధ్యలో బదిలీ అయి వెళ్లిపోతే, ఎవరిదీ కాని మొక్క ఒకటి మిగులుతుంది.

ఉన్న చెట్టుని పట్టించుకోవడం

నన్నడిగితే ఎక్కువమందికి సరిపోయేది ఇదే. ఎవరూ దీనికి ఫ్లెక్సీ కట్టరు కాబట్టి ఇదొక సేవ అని కూడా తోచదు. పోయినేడో అంతకుముందో ఎవరో నాటి వదిలేసిన మొక్కలు మన వీధుల్లో ఎన్నో ఉన్నాయి. ఒక వేసవి దాటి బతికి ఉన్న మొక్క అంటే గండాల్లో పెద్దది గడిచిందన్నమాట. దాన్ని ఇంకో రెండు వేసవులు దాటించడం కొత్తది నాటడం కంటే తేలిక, ఫలితమూ త్వరగా కనిపిస్తుంది.

పని ఏమిటంటే, ముందు మొక్క చుట్టూ మూడడుగుల వెడల్పున పాదు చేయాలి. మురుగుకాలువ లోంచి తీసి పోసిన మన్ను, ప్లాస్టిక్ తీసేయాలి. ఎండుటాకులు పాదులో పరిస్తే తడి ఆరదు, కాకపోతే మొదలుకి ఆనకుండా నాలుగంగుళాలు ఎడం ఉంచాలి. ఊతకర్రకి కట్టిన ఇనుపతీగ కాండంలోకి కోసుకుపోతుంటే దాన్ని విప్పి, పాతచీర పేలికతోనో కొబ్బరితాడుతోనో వదులుగా కట్టాలి. చెట్టు లావెక్కినా ఇంకా బిగించి ఉన్న ఇనుపకంచె మీద కార్పొరేషన్‌కి రాయాలి. మేకులు, కోచింగ్ సెంటర్ల రేకుబోర్డులు పీకేయించాలి. చెట్టుకింద చెత్త తగలబెడుతుంటే ఆ చోటు మార్పించాలి. పెద్ద చెట్లకి నీళ్లక్కరలేదు, కాండం మొదటిదాకా పోసిన సిమెంటే వాటికి ఉరి. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ విషయంలో చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని ఆదేశించింది. కార్పొరేషన్‌కి రాసే అర్జీలో ఆ మాట పెట్టండి. సిమెంటుని మీరే గడ్డపారతో పగలగొట్టబోతే వేళ్లు తెగుతాయి, ఆ పని వాళ్ల చేతే చేయించాలి.

చెట్టు మొదలుకి సున్నం, ఎర్రరంగు పూసే కార్యక్రమాలు కూడా కనిపిస్తుంటాయి. రాత్రిపూట బండివాళ్లకి చెట్టు కనపడటానికి అది పనికొస్తుందేమో, చెట్టుకి మాత్రం దానివల్ల ఒరిగేది తక్కువ. ఆ రంగు డబ్బుతో పశువుల ఎరువు రెండు బస్తాలు కొనండి.

ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ పిల్లలు, రైల్వేలోనో బ్యాంకులోనో బదిలీల ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, అద్దెవాళ్లు, ఉదయం నడకకి వెళ్లే రిటైరైనవాళ్లు ఈ దారి పట్టండి. మీ నడక దారిలో మూడు చెట్లు ఎంచుకుంటే చాలు. ఊరు మారాల్సి వస్తే ఆ మూడింటినీ ఇంకొకరికి అప్పజెప్పడమూ సులువే.

డబ్బు పంపేవాళ్లకి రెండు మాటలు. గంజాం నుంచి సూరత్‌కీ, హైదరాబాద్‌కీ, గల్ఫ్‌కీ వెళ్లినవాళ్లు ఇంటి వీధికి ఏదైనా చేద్దామనుకుంటారు. మొక్కలకని పంపకండి, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చవక మొక్కే. కంచెకీ, వేసవి మూడు నెలలు నీళ్లు పోసే మనిషి జీతానికీ పంపండి. నెలకొకసారి ఆ చెట్టు ఫొటో పెట్టమనండి.

ఏ చెట్టు

మొక్కని ఎంచేటప్పుడు తల పైకెత్తి తీగలు చూడాలి. వీధి వెంట వెళ్లే 11 కేవీ కరెంటు తీగ నేలకి కనీసం 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలన్నది నియమం, అంటే 19 అడుగులు. కానుగ, వేప ఆ ఎత్తుని కొన్నేళ్లలో దాటేస్తాయి. ఆ తర్వాత ఏటా వానలకి ముందు కరెంటు కంపెనీ మనుషులొచ్చి తల నరికేస్తారు. వాళ్ల పని వాళ్లది. నడినెత్తి నరికిన చెట్టు పక్కలకి బలహీనమైన కొమ్మలు వేస్తుంది, గాలికి మొదట విరిగేవి అవే. తీగలకింద దేవకాంచనం, పారిజాతం, దేవగన్నేరు లాంటి చిన్నచెట్లే నాటండి. తీగలు లేని వైపుని పెద్దవాటికి ఉంచండి.

రెండోది గాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 200 కిలోమీటర్లు మించింది. మర్నాడు బరంపురం రోడ్ల నిండా చెట్లే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి పర్లాకిమిడి వైపు విరుచుకుపడింది. పైకి ఎంత అందంగా ఉన్నా, అక్టోబరుని దృష్టిలో పెట్టుకోకుండా మన దగ్గర చెట్టుని ఎంచకూడదు.

వీధికి నా మొదటి ఓటు కానుగకి. నర్సరీలో కరంజ అని అడగండి. దట్టమైన నీడ, ఉప్పుగాలికి తట్టుకునే గుణం, కొమ్మ సులువుగా విరగదు, మేకలూ ఆవులూ దీని జోలికి అంతగా రావు. ఆకుల మీద బొబ్బల్లాంటివి వస్తాయి, చూడ్డానికి బాగోదు తప్ప చెట్టుకి ప్రమాదం లేదు. వేసవిలో పూలు రాలి వాకిలి నిండుతుంది. ఊడ్చే ఓపిక లేనివాళ్లకి పొగడ మంచిది, ఒడియాలో బఉళ. ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, గట్టి చెట్టు, సువాసన. నిదానంగా ఎదుగుతుంది కాబట్టి ఐదేళ్లదాకా నీడ ఆశించకండి. వేప గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, ఎండనీ పేదనేలనీ తట్టుకుంటుంది. మురుగునీరు నిలిచే చోట మాత్రం వేప వద్దు. మాఘ, ఫాల్గుణాల్లో ఆకంతా రాల్చేస్తుంది. ఇటీవలి ఏళ్లలో తెలంగాణ వైపు వేపలకి కొమ్మలెండే తెగులు బాగా కనిపించింది, కాబట్టి వీధంతా ఒక్క వేపే నాటకుండా రెండు మూడు రకాలు కలపడం మంచిది.

నేరేడు స్కూలు ఆవరణలో ముద్దు, రోడ్డు మీద వద్దు. పండ్లు రాలే రోజుల్లో స్కూటర్లు జారతాయి. తురాయి, అదే కృష్ణచూడ, మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టు. మే నెలలో దాన్ని చూస్తే ఎవరికైనా నాటాలనిపిస్తుంది. వేరు పైపైన పరుచుకుంటుంది, కొమ్మ పెళుసు. పార్కు నడుమ సరే గానీ ఇళ్ల పక్కన వద్దు. ఏడాకుల పాల, ఇక్కడి ఛతియానా, త్వరగా పెరుగుతుందని చాలాచోట్ల నాటేశారు. దసరా తర్వాత పూసినప్పుడు ఆ ఘాటు వాసనకి కిటికీలు మూసుకునేవాళ్లున్నారు, కర్ర కూడా మెత్తన. దేబదారు అని ఇక్కడ పిలిచే పొడుగాటి అశోకం అందానికే, దానికింద ఒక మనిషికి కూడా నీడ ఉండదు. రావి ఒడిశా రాష్ట్ర వృక్షం, గుడి ముందు మైదానంలో దాన్ని మించింది లేదు. కాలువ పక్కన నాటితే గోడ పగులుతుంది, అప్పటికే బొట్టూ దారమూ కట్టి ఉంటారు కాబట్టి తీసేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. కోనోకార్పస్ అనే విదేశీ మొక్కని ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకండి. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడమే నిషేధించింది.

కొరాపుట్, జయపురం వైపు ఉన్నవాళ్లు కాఫీతోటల్లో సిల్వర్ ఓక్ చూసి వీధికి తెచ్చుకుంటుంటారు. తోటలో గుంపుగా ఉంటుంది కాబట్టి అది నిలబడుతుంది. ఒంటరిగా వీధిలో నిలబెడితే గాలికి పుటుక్కుమంటుంది.

మొక్క ఎత్తు, కంచె

రెండడుగుల మొక్క చవక, వేరు త్వరగా పట్టుకుంటుంది. ఇంటి కాంపౌండు లోపల అదే సరి. వీధిలో అయితే ఆరు నుంచి ఎనిమిది అడుగులది తెచ్చుకోండి, మేక నోటికి చిగురు అందదు, బండివాడి కంటికీ ఆనుతుంది. కొనేటప్పుడు సంచి అడుగు చూడండి. వేరు బయటికి పొడుచుకొచ్చి చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్క వద్దు, ఎంత ఎత్తున్నా సరే. గుంత మే నెలలోనే రెండడుగుల లోతు, వెడల్పున తవ్వి ఎండకి వదిలేయండి. పూడ్చేటప్పుడు మట్టిలో మూడోవంతు మాగిన పశువుల ఎరువు, చెదల భయముంటే గుప్పెడు వేపపిండి కలపండి. రెండు మంచి వానలు పడ్డాకే నాటాలి. కాండం వేరుతో కలిసే చోటు మట్టిలో కూరుకుపోకూడదు.

కంచెల్లో వెదురుబుట్ట చవక, ఇక్కడే అల్లించుకోవచ్చు, గాలి ఆడుతుంది. రెండో వానాకాలానికి చివికిపోతుంది, అప్పటికి ఇంకోటి కావాలి. ఇనుపది నిలుస్తుంది, దొంగలకీ నచ్చుతుంది. దాత పేరున్న రేకు వేయడానికి వీలుగా ఉంటుంది కాబట్టి క్లబ్బులకి అదే ఇష్టం, కానీ ఎప్పుడు తీయాలో ఎవరికీ గుర్తుండదు. ఇటుకల జాలీ ఆవుల్ని ఆపుతుంది. లోపలి చోటు మాత్రం చాలదు, చెత్తబుట్టగా మారిపోతుంది కూడా. ఇళ్లమధ్య వెదురు, మార్కెట్ దగ్గర ఇనుము అన్నది నా లెక్క.

చివరగా తుపాను రోజులు. సెప్టెంబరులోనే ఊతకర్ర గట్టిగా ఉందో లేదో చూడండి, ఎండుకొమ్మలు తీయించండి. తీగలకి తగిలే కొమ్మల జోలికి మీరు వెళ్లకుండా కరెంటు కంపెనీకి ఫోన్ చేయండి. గాలివాన వెలిసాక పడిపోయిన లేతమొక్క కనిపిస్తే చచ్చిందనుకోకండి. తీగలేవీ మీద పడలేదని నిర్ధారించుకుని, నేల ఇంకా మెత్తగా ఉండగానే, ఒకటి రెండు రోజుల్లో, ఇద్దరు కలిసి నెమ్మదిగా నిలబెట్టి, వేళ్లమీద మట్టి కప్పి తొక్కి, రెండు వైపులా ఊత కట్టండి. నాలుగో రోజుకి బయటపడ్డ వేరు ఎండిపోతుంది, అప్పుడు లేపినా లాభం ఉండదు.